పాఠకుల ప్రశ్నలు: ఆఫీసు ఈమెయిల్ వస్తుంది గాని పోదు, ఎందుకు?

బరంపురం నుంచి ఒక పట్టుచీరల వ్యాపారి:

అయ్యా, మా దుకాణానికి సొంత డొమైన్ పేరుతో ఈమెయిల్ ఉంది. దుకాణంలోని కంప్యూటరులో ఔట్‌లుక్ తెరిస్తే అందులోకి వచ్చిన ఆర్డర్లు మా అబ్బాయి ఫోనులో కనబడటం లేదు, అబ్బాయి ఫోను నుంచి పంపిన జవాబులు దుకాణంలో కనబడటం లేదు. అదీగాక లాప్‌టాప్‌ను ఇంటికి తీసుకువెళితే మెయిళ్లు వస్తున్నాయి గాని ఇంటి నుంచి పోవడం లేదు. పాస్‌వర్డు మార్చి చూశాం, ఫలితం లేదు.

జవాబు: మీరు ఒకటిగా రాసినా ఇందులో ఉన్నవి రెండు లోపాలు, రెండింటికీ పాస్‌వర్డుతో సంబంధం లేదు. మెయిల్ తెచ్చుకోవడానికి ఒక సర్వరు, పంపడానికి మరొక సర్వరు ఉంటాయి. రెండింటి పేరూ ఒకటే అయినా పోర్టులు (సర్వరులోకి వెళ్ళే తలుపుల నంబర్లు) వేరు, నియమాలు వేరు. ఏది పనిచేస్తోందో, ఏది చేయడం లేదో ముందు తేల్చుకోకుండా సెట్టింగులన్నీ కదిపితే బాగున్నది కూడా పాడవుతుంది.

మొదటి లోపం చూద్దాం. మీ లేఖనుబట్టి దుకాణంలోని ఔట్‌లుక్‌ను పాప్ పద్ధతిలో అమర్చినట్టు తోస్తోంది. ఈ పద్ధతిలో మెయిల్ సర్వరు నుంచి కంప్యూటరులోకి దిగుతుంది. సర్వరులో నకలు ఉంచమని టిక్కు పెట్టకపోతే దిగిన వెంటనే అక్కడ చెరిగిపోతుంది. పెట్టినా ఔట్‌లుక్ సాధారణంగా 14 రోజుల తరువాత దాన్ని తొలగిస్తుంది. పోస్టాఫీసు పెట్టెలో ఉత్తరాలను ముందు వెళ్ళినవాడే సంచీలో వేసుకుపోతే వెనుక వెళ్ళినవాడికి ఖాళీ పెట్టె మిగిలినట్టే, మీ అబ్బాయి ఫోనుకు అందవలసినవి అప్పటికే దుకాణంలోకి దిగిపోయి ఉంటున్నాయి. పంపిన మెయిళ్ల సంగతి ఇంకా కష్టం. పాప్ పద్ధతికి పంపిన మెయిళ్లతో పనే లేదు కనుక అవి ఏ యంత్రం నుంచి వెళ్ళాయో ఆ యంత్రంలోనే ఉండిపోతాయి. ఒకే చిరునామాను ఇద్దరు వాడే ఏ ఆఫీసులోనూ నేడు పాప్ వాడవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

దీనికి మందు ఐమ్యాప్. ఈ పద్ధతిలో మెయిళ్లు సర్వరులోనే ఉంటాయి, దుకాణమూ ఫోనూ రెండూ అక్కడికే వచ్చి చూస్తాయి. పోర్టు 993, భద్రత ఎస్‌ఎస్‌ఎల్ లేదా టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా మెయిల్‌ను సంకేతాలుగా మార్చే పద్ధతులు), యూజర్ పేరు దగ్గర చిరునామా పూర్తిగా. ఒక్క జాగ్రత్త మాత్రం చాలా ముఖ్యం. ఔట్‌లుక్‌లో ఉన్న పాప్ ఖాతాను ఐమ్యాప్‌గా మార్చడం కుదరదు, కొత్తగా ఐమ్యాప్ ఖాతాను చేర్చవలసిందే. పాత మెయిళ్లు కంప్యూటరులోని పీఎస్‌టీ ఫైలులో ఉంటాయి కాబట్టి ముందు ఆ ఫైలును వేరే డిస్కులోకి కాపీ చేసి, తరువాత పాత ఫోల్డర్లలోని మెయిళ్లను కొత్త ఖాతా ఫోల్డర్లలోకి లాగి, అవన్నీ సర్వరుకు చేరాయో లేదో బ్రౌజరులో తెరిచే వెబ్‌మెయిల్‌లో చూసుకున్నాకే పాత ఖాతాను తొలగించండి. ఏళ్ల తరబడి పేరుకున్న చీరల ఫోటోలు అందులో ఉంటాయి కనుక, మీ మెయిల్ సర్వరును నడిపే హోస్టింగువారు మీ ఖాతాకు ఇచ్చిన స్థలం సరిపోతుందో లేదో ముందే అడగడం మంచిది. మార్పు జరిగాక సెంట్, సెంట్ ఐటమ్స్ అని రెండు ఫోల్డర్లు కనబడితే కంగారుపడవద్దు. ఫోను ఒకదానిలోనూ ఔట్‌లుక్ మరొకదానిలోనూ దాస్తున్నాయన్నమాట. ఫోనులోని సెట్టింగులలో ఔట్‌లుక్ వాడే ఫోల్డరునే ఎంచుకుంటే సరిపోతుంది.

ఇక ఇంటి దగ్గర మెయిల్ పోకపోవడం. పంపే సర్వరు దగ్గర పోర్టు 25 అని ఉందేమో చూడండి. ఒక సర్వరు మరొక సర్వరుకు మెయిల్ అందించడానికి ఉద్దేశించిన పోర్టు అది. వైరసు సోకిన కంప్యూటర్లు దాని మీదుగా చెత్త మెయిళ్లు వెదజల్లుతాయి కాబట్టి ఇంటర్నెట్ కంపెనీలు చాలావరకు ఇంటి కనెక్షన్లలో దాన్ని మూసివేస్తాయి. దుకాణం కనెక్షన్‌లో తెరిచి ఉండి ఇంట్లో మూసి ఉంటే సరిగ్గా మీరు చెప్పిన లక్షణమే కనబడుతుంది. వాడవలసినవి 587 గాని, 465 గాని. ఒక మెకానిక్ 587 అంటే మరొకరు 465 అని వాదించడం మీరు వినే ఉంటారు, ఇద్దరిదీ సరే. 587ను 1998లో ప్రత్యేకంగా మెయిల్ పంపడానికే కేటాయించారు, 2018లో వచ్చిన ప్రమాణం 465ను తిరిగి నిలబెట్టింది. తేడా వచ్చేది జోడీ తప్పినప్పుడు. 587తో స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465తో ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ ఎంచుకోవాలి. జోడీ తారుమారైతే ఔట్‌లుక్ చాలాసేపు తిరిగి తిరిగి చివరికి సర్వరు పలకడం లేదంటుంది. పంపే సర్వరుకు కూడా లాగిన్ కావాలన్న గడిలో టిక్కు తప్పక ఉండాలి.

ఇవన్నీ మార్చే క్రమంలో సర్టిఫికెట్టులోని (సర్వరు ఎవరిదో చెప్పే గుర్తింపు పత్రంలోని) పేరు సరిపోలడం లేదని హెచ్చరిక రావచ్చు. అంటే సర్వరు పేరు దగ్గర మీరు మీ డొమైన్ పేరు రాశారు, సర్టిఫికెట్టు హోస్టింగు కంపెనీ సర్వరు పేరు మీద ఉంది. హోస్టింగువారు ఇచ్చిన సర్వరు పేరే అక్కడ రాస్తే హెచ్చరిక పోతుంది. విసుగెత్తి భద్రతను పూర్తిగా తీసివేసేవారు ఉన్నారు. అలా చేస్తే ఏ హోటల్ వైఫైలోనో మీ పాస్‌వర్డు ఎవరి కంటనైనా పడవచ్చు.

రాయగడ నుంచి ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు యజమాని:

మా ఆఫీసులో విండోస్ 7, ఔట్‌లుక్ 2010 ఉన్నాయి. పాస్‌వర్డు ఎన్నిసార్లు కొట్టినా ఔట్‌లుక్ మళ్లీ అడుగుతుంది. అదే పాస్‌వర్డుతో బ్రౌజరులో మెయిల్ తెరుచుకుంటోంది.

జవాబు: బ్రౌజరులో తెరుచుకుంటున్నదంటే పాస్‌వర్డు సరైనదే, దాన్ని మార్చే పని పెట్టుకోవద్దు. మీ మెయిల్ ఎవరి సర్వరులో ఉందో ముందు తెలుసుకోండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్‌ఎస్‌లుకప్ (nslookup) ఆదేశంతో మీ డొమైన్ ఎంఎక్స్ రికార్డు (మీకు వచ్చే మెయిల్‌ను ఏ సర్వరుకు అందించాలో చెప్పే నమోదు) అడిగితే వచ్చే పేరు చివర ఔట్‌లుక్.కామ్ ఉంటే మైక్రోసాఫ్ట్‌ది, గూగుల్.కామ్ ఉంటే గూగుల్‌ది. రెండూ కాకపోతే సాధారణంగా మీ హోస్టింగు కంపెనీది.

మైక్రోసాఫ్ట్‌దైతే ఔట్‌లుక్ 2010తో ఇక కుదరదు. ఉత్త పాస్‌వర్డుతో లాగిన్ కావడాన్ని ఆ కంపెనీ 2022 అక్టోబరు 1 నుంచి తన ఆఫీసు మెయిల్ ఖాతాలలో ఆపివేస్తూ వచ్చింది. దాని స్థానంలో వచ్చిన లాగిన్ పద్ధతి ఔట్‌లుక్ 2010కి తెలియదు. గూగుల్‌దైతే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకుని, మామూలు పాస్‌వర్డుకు బదులు దాన్ని ఔట్‌లుక్‌లో ఇవ్వవచ్చు. హోస్టింగు కంపెనీదైతే ఎక్కువగా వచ్చే ఇబ్బంది టీఎల్‌ఎస్ 1.2. పాత 1.0, 1.1 సంచికలను 2021లో అధికారికంగా పక్కన పెట్టారు, విండోస్ 7 మీద నడిచే ఔట్‌లుక్ మాత్రం తనంత తాను 1.2ను వాడుకోదు. అయితే అప్పుడు కనబడేది సర్వరుతో కనెక్షన్ కుదరలేదన్న సందేశం. మీకు వస్తున్నది పాస్‌వర్డు పెట్టె కాబట్టి మొదటి రెండింటిలో ఒకటి కావడానికే అవకాశం ఎక్కువ. ఏదైనా, విండోస్ 7కు భద్రతా మరమ్మతులు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. లోడింగు చీటీలు, చెల్లింపుల వివరాలు ఉండే యంత్రం అది. మరమ్మతు ఖర్చు కొత్త కంప్యూటరు మీద పెట్టండి, అంతవరకు ఫోనులో మెయిల్ చూసుకోండి.

పర్లాకిమిడి నుంచి ఒక హార్డ్‌వేర్ దుకాణదారు:

శ్రీకాకుళం, పార్వతీపురం ఖాతాదారులకు మేము పంపే బిల్లులు స్పామ్‌లో పడుతున్నాయి. మెయిల్ కంపెనీ మారిన తరువాతే ఇలా మొదలైంది.

జవాబు: కంపెనీ మారినప్పుడు కొత్త ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే అధికారం ఏ సర్వర్లకుందో చెప్పే నమోదు) చేర్చి పాతదాన్ని తీయడం మరచి ఉంటారు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒకటే ఉండాలి. రెండు ఉంటే అందుకునే సర్వరు రెండింటినీ లెక్కచేయదు. టాలీ నుంచో మరో బిల్లింగు సాఫ్ట్‌వేరు నుంచో వేరే సర్వరు మీదుగా బిల్లులు పంపుతూంటే ఆ సర్వరును కూడా ఆ ఒక్క రికార్డులోనే చేర్చాలి. కొత్త కంపెనీ ఇచ్చిన డీకిమ్ తాళాన్ని (మెయిల్ మీద ఉండే మీ డొమైన్ సంతకాన్ని సరిచూసేందుకు వాడేది) డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ వివరాలుండే పట్టికలో, పెట్టడం తదుపరి పని. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు మెయిల్ పంపేవారెవరికైనా ఈ రెండింటిలో ఒకటైనా ఉండాలి, రోజుకు 5,000కు మించి పంపేవారికి రెండింటితో పాటు డీమార్క్ (ఆ పరీక్షలలో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే నమోదు) కూడా ఉండాలి. పని పూర్తయ్యాక మీ జీమెయిల్ చిరునామాకే ఒక బిల్లు పంపుకుని, మెనూలో షో ఒరిజినల్ నొక్కితే ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఎదురుగా పాస్ అని ఉందో ఫెయిల్ అని ఉందో కనబడుతుంది.

జయపురం నుంచి ఒక పుస్తకాల దుకాణదారు:

తెలుగులో, ఒడియాలో మేము రాసే మెయిళ్లు కొందరికి అర్థం కాని గుర్తులుగా చేరుతున్నాయి.

జవాబు: ఏ గుర్తులన్నది చూడండి. అన్నీ ప్రశ్నార్థకాలైతే ఔట్‌లుక్ ఐచ్ఛికాలలో, పంపే మెయిళ్ల ఎన్‌కోడింగ్ దగ్గర యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. ఇంగ్లీషు అక్షరాలూ వింత చిహ్నాలూ కలగాపులగంగా వస్తే మీరు యూనికోడ్ కాని ‘అను’ ఫాంటులోనో, ఒడియాకైతే ఆకృతిలోనో టైపు చేసి అతికిస్తున్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అది చదవడానికి వీలుకాదు, సర్వరులో ఏ సెట్టింగు మార్చినా ప్రయోజనం లేదు. అటువంటి పాఠాన్ని పీడీఎఫ్‌గా మార్చి జతచేయండి, మెయిల్‌లో రాసే నాలుగు మాటలు మాత్రం యూనికోడ్ కీబోర్డుతో టైపు చేయండి.