ఖాళీ స్థలంలో తేనెటీగల పెట్టెలు పెట్టుకోనివ్వచ్చా?

ప్రశ్న: మాకు 2 ఎకరాల నేల ఖాళీగా పడి ఉంది. సాగు చేసే ఓపిక లేదు, అమ్మే ఉద్దేశమూ లేదు. తేనెటీగలకు మేత, చోటు తగ్గిపోతున్నాయని విన్నప్పటి నుంచి, దగ్గర్లో పెట్టెలు పెట్టి పెంచేవాళ్లకు ఆ స్థలం వాడుకోనివ్వాలని ఉంది. ఇంట్లోవాళ్లకు మాత్రం టెన్షన్. పిల్లలు వెళ్తే కుడతాయేమో, రేపు ఆ చోటు తమదేనంటారేమో అంటున్నారు. అద్దె అడగాలా, తేనె అడగాలా? ఎన్ని పెట్టెలకు ఒప్పుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నాకు సెంటు భూమి లేదు. 18 ఏళ్లుగా నా పెట్టెలన్నీ మీలాంటివాళ్లు ఇచ్చిన మూలల్లోనే బతుకుతున్నాయి. అందుకే మీ ఉత్తరం చూడగానే మనసు నిండింది. స్థలం తీసుకునేవాడి వైపు నుంచి నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా ఒక లెక్క. ఈగ మేతకు 3 కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే, పెట్టె చుట్టూ అది తిరిగే నేల 28 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 7,000 ఎకరాలు. అందులో మీ 2 ఎకరాలు ఏ మూలకు? పెట్టెలకు నిజంగా కావలసిన చోటు ఒక గది అంత. మీ నేల వాటి కడుపు నింపలేదు. కానీ నిశ్చింతగా ఉండే ఇల్లు కాగలదు. మీరిచ్చేది అదే, అది చిన్న సాయం కాదు.

ఆ నిశ్చింతను చెడగొట్టేది మందు పిచికారీ. ఈ పనిలోకి వచ్చిన మూడో ఏట ఒక తోట మూలలో 12 పెట్టెలు పెట్టాను. తోట ఆసామి మంచివాడు, ఒక్క కాయ కోసినా నాకు పంచేవాడు. ఒకరోజు పొద్దున పక్క చేనులో, పూత మీదున్న పైరుకు పురుగుమందు కొట్టారు. కొడతారని ఆయనకు ముందురోజే తెలుసు. నాకు చెప్పాలని తోచలేదంతే. మధ్యాహ్నం వెళ్లేసరికి పెట్టెల గుమ్మాల ముందు ఈగలు కుప్పలుగా పడి ఉన్నాయి, నాలుకలు బయటికి చాచి. కొన్ని ఇంకా గిరగిరా తిరుగుతున్నాయి. 12లో 7 పెట్టెలు పోయాయి. ఆయన నాకంటే ఎక్కువ బాధపడ్డారు. ముందురోజు సాయంత్రం ఒక్క ఫోన్ చేసి ఉంటే చీకటి పడ్డాక, ఈగలన్నీ లోపలికి చేరాక, పెట్టెలు వేరేచోటికి తరలించేవాణ్ణి. అది కుదరకపోతే గాలి ఆడేలా గుమ్మాలకు జాలీ బిగించి, తడి గోనెలు కప్పి, ఆ పూట కాపాడుకునేవాణ్ణి.

కాబట్టి అమ్మా, పెట్టెలు రాకముందే చుట్టుపక్కల రైతులతో మీరే మాట్లాడండి. మందు కొట్టొద్దని కాదు. పూత ఉన్నప్పుడు వీలైతే మానమనండి, తప్పనిసరైతే ఈగలు ఇల్లు చేరాక, సాయంత్రం పొద్దుపోయాక కొట్టమనండి, ముందురోజు ఒక మాట చెప్పమనండి. పరాయివాడినైన నేను అడిగితే కొందరు చిరాకుపడతారు. మీరు అడిగితే వింటారు. స్థలం కంటే మీ ఆ మాట మాకు ఎక్కువ విలువైనది.

కుట్టడం గురించి దాచకుండా చెబుతాను. ఈగల దగ్గర ఎవరూ కుట్టించుకోరని ఏ పెంపకందారైనా అంటే నమ్మకండి. తేనెటీగ పూల మీద ఉన్నప్పుడు మన జోలికి రాదు, తన పెట్టె గుమ్మానికి అడ్డం వస్తేనే ఊరుకోదు. నడిచే దారికి, బావికి, పశువుల్ని కట్టే చోటుకు దూరంగా పెట్టించండి. కట్టేసిన పశువు పరిగెత్తి తప్పించుకోలేదు, అందుకే ఆ సంగతి గట్టిగా చెబుతున్నాను. గుమ్మాలకు ఎదురుగా కొద్ది దూరంలో ఆరేడు అడుగుల ఎత్తు పొదల వరస ఉంటే ఈగలు దాని మీదుగా పైకి ఎగిరిపోతాయి, మనుషుల తలల ఎత్తులో తిరగవు. కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది. ఎలా తీయాలా అని ఆలోచించకుండా గోటితో వెంటనే గీకేయండి, ఆలస్యమయ్యేకొద్దీ విషం ఎక్కువ ఎక్కుతుంది. కుట్టినచోట వాపు మామూలే. ముఖం, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు అలా జరిగి ఉంటే పెట్టెల ఆలోచన మానుకోండి.

నీళ్లు పెట్టెల కంటే ముందే సిద్ధంగా ఉండాలి. వెడల్పాటి తొట్టిలో గులకరాళ్లు పోసి, అవి సగం మునిగేలా నీళ్లు పోయండి. రాయి మీద వాలి తాగుతాయి, మునిగి చావవు. ఈగలు ఒకసారి పక్కింటి కుళాయికి అలవాటు పడితే తిప్పుకోవడం చాలా కష్టం, ఆ గొడవలు మీ మీదికే వస్తాయి. పెట్టెలు ఎక్కడ ఉంచాలో కూడా మొదటే తేల్చుకోండి. పొద్దుటి ఎండ తగలాలి, ఈదురుగాలికి చాటు ఉండాలి, బరువైన పెట్టెలు మోసుకెళ్లడానికి బండి దగ్గరిదాకా రావాలి. తర్వాత వంద గజాలు జరపమన్నా మా వల్ల కాదు, మేతకెళ్లిన ఈగలు తిరిగి పాతచోటికే వచ్చి అక్కడే తచ్చాడుతాయి.

అద్దె మాట మీ ఇష్టం. తేనె మాత్రం ఇన్ని కిలోలని ముందే ఖాయం చేసుకోకండి. పూత బాగున్న ఏడాది పెంపకందారు తనంతట తనే తెచ్చి ఇస్తాడు. పూత లేని ఏడాది పెట్టెలో ఉన్న కొద్దిపాటి తేనె ఈగలు బతకడానికే చాలదు. మాట ఇచ్చానని ఆ తేనె తీసినవాళ్లను చూశాను, ఆ ఈగలు ఆకలితో పోయాయి.

స్థలం పోతుందన్న మీవాళ్ల భయం తీరాలంటే ఒక కాగితం రాసుకోండి. ఇది పెట్టెలు పెట్టుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమేనని, ఎప్పటి నుంచి ఎప్పటి వరకో, ఎన్ని పెట్టెలో, ఎవరికైనా హాని జరిగితే బాధ్యత ఎవరిదో, ఖాళీ చేయమంటే ఎన్నాళ్ల గడువో రాయండి. ఒకసారి లాయరుకు చూపించండి. నిజాయితీగా పనిచేసేవాడు ఇందుకు నొచ్చుకోడు, నేనైతే కాగితం రాద్దామని నేనే అడుగుతాను.

ఎన్ని పెట్టెలన్నది మాత్రం ఈ వృత్తిలో ఉండి కూడా నేను మొహమాటం లేకుండా చెప్పాల్సిన విషయం. 10 దాటనివ్వకండి, మొదటి ఏడాది ఐదుతో సరిపెట్టండి. ఈగలు బలంగా ఉన్న ఒక్కో పెట్టెలో అవి వేలకు వేలు ఉంటాయి. మీ నేలలో ఇప్పటికే ఒంటరిగా బతికే అడవి ఈగలు చాలా రకాలు ఉండి ఉంటాయి, చాలామటుకు మట్టిలో సన్నటి బొరియలు చేసుకుని పిల్లల్ని పెంచేవి. మా ఈగలూ, అవీ అవే పూల మీద బతకాలి. పూత తగ్గిన రోజుల్లో మా ఈగలకు మేం పంచదార నీళ్లు పెడతాం. వాటికి ఎవరు పెడతారు? వాటి కోసం కొంత నేల దున్నకుండా, గడ్డి కప్పకుండా వదిలేయండి. ఎండిన కొమ్మలు, బోలు కాడలు ఏరి తగలబెట్టకండి, కొన్ని ఈగలు వాటిలోనే గూడు కడతాయి.

ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటే. స్థలం చూడటానికి రమ్మనండి. వచ్చీరాగానే పక్క పొలాల్లో ఏం వేస్తారు, ఏం మందు కొడతారు, దగ్గర్లో ఇంకెవరి పెట్టెలైనా ఉన్నాయా అని అడిగేవాడికి ఇవ్వండి. ఒకరి పెట్టెల్లో జబ్బు ఉంటే పక్కవాళ్ల పెట్టెలకూ పాకుతుంది కాబట్టి ఆ చివరి ప్రశ్న ముఖ్యం. తేనె ఎంత వస్తుందన్నదే మొదట అడిగేవాడి గురించి కాస్త ఆలోచించండి.

ఈలోగా ఒక పని చేయండి. ఎండ వచ్చిన ఒక ఉదయం మీ నేలలోకి వెళ్లి, ఏ కలుపు పువ్వు మీద ఈగలు వాలుతున్నాయో ఓ అరగంట నిలబడి చూడండి. ఆ మొక్కలకు గుర్తుగా పుల్లలు పాతి, శుభ్రం చేయించేటప్పుడు అవి మాత్రం కోయొద్దని కూలీలకు చెప్పండి.