మేజర్ పద్మపాణి ఆచార్య అనగానే నాకు మా అపార్ట్‌మెంట్ మెట్లు గుర్తొస్తాయి

"మహావీర చక్ర వచ్చిన మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాద్ వాడేనట కదా, కార్గిల్‌లో ఆయన అసలేం చేశారు?" అని అడిగారు.

మనవాడే. కుటుంబానిది ఒడిశా, పుట్టింది ఇక్కడే, డిగ్రీ ఉస్మానియాలో. తండ్రి ఎయిర్‌ఫోర్స్‌లో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరైనాయన. ఈయన మద్రాసులో ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ పూర్తి చేసి 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేరారు. 1999 జూన్ 28న ద్రాస్ సెక్టార్‌లో, తోలోలింగ్ వైపు కొండల మీద ప్రాణం పోయింది. ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. మీరు "ఏం చేశారు" అని అడిగారు చూడండి, ఆ మాట కోసమే రాస్తున్నాను. ఎందుకంటే మనవాళ్లు ఎలా చనిపోయాడో చెప్తారు గానీ ఏం చేశాడో చెప్పరు. "వీరమరణం" అనే ఒక్క ముక్కతో ఆ రాత్రి జరిగిన పనంతా చెరిపేస్తారు.

నాకూ ఓ మధ్యాహ్నం దాకా తెలియదు.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అందరూ నాయక్ గారు అంటారు. సగం మంది అది ఆయన ఇంటిపేరు అనుకుంటారు, మిగతా సగం తండా నుంచి వచ్చాడనుకుంటారు. నాయక్ అనేది సైన్యంలో ఒక ర్యాంకు. ఆయన ప్రకాశం జిల్లా మనిషి, మద్రాస్ రెజిమెంట్‌లో చేసి రిటైరయ్యారు. కార్గిల్‌లో లేరు, కశ్మీర్ సరిహద్దులో పూంచ్ వైపు చాలాకాలం ఉన్నారు.

మే నెల, కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ లేదు (ఎందుకు లేదని అడక్కండి, మెయింటెనెన్స్ కట్టని ముగ్గురి కథ అది, ప్రతి మీటింగులో అదే పంచాయితీ), లిఫ్టు ఆగింది. మాది అయిదో అంతస్తు. వాటర్ క్యాన్ కుర్రాడు 20 లీటర్ల క్యాన్ కిందే పడేసి వెళ్లిపోయాడు. నాకేం పౌరుషం పుట్టిందో, భుజాన వేసుకుని ఎక్కాను. మూడో అంతస్తు దాకా పర్లేదు. నాలుగో అంతస్తు మలుపులో కాళ్లు వణికి, క్యాన్ దించి మెట్టు మీద కూలబడ్డాను. వెనకాలే నాయక్ గారు వచ్చారు.

"ఆగిపోయారేం సార్?"

"ఊపిరాడట్లేదు నాయక్ గారూ."

ఆయన నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. పై మెట్ల వైపు చెయ్యి చూపించి, "అదిగో ఆ రెయిలింగ్ వెనకాల ఒకడు మెషిన్ గన్ పెట్టుక్కూచున్నాడనుకోండి. ఇప్పుడు మీరేం చేస్తారు?" అన్నారు.

"కిందికి పరిగెత్తుతా."

"వీపు కనపడుద్ది సార్. పోనీ ఇక్కడే కూచుంటారా, ఫిరంగి గుండొచ్చి పడుద్ది. పైకి పోవడమే మేలు. కానీ ఆ టయానికి ఆ మాట ఎవడి బుర్రకీ ఎక్కదు. ఎవడో ఒకడు ముందు లేవాల. ఆఫీసర్ సాబ్‌లు ఉండేది అందుకే."

అని క్యాన్ ఎత్తుకుని ఆయనే ఎక్కేశారు. అరవై దాటిన మనిషి.

ఆ రాత్రి ఆచార్య గారి పతకంతో ఇచ్చిన ప్రశంసాపత్రం వెతికి చదివాను. కింద శ్రీనగర్–లేహ్ రోడ్డు, పైన చలికాలంలో ఖాళీ అయిన శిఖరాలెక్కి బంకర్లు కట్టుకున్న శత్రువు. రోడ్డు మీద వెళ్లే ప్రతి లారీ వాడికి కనిపిస్తుంది, ఎక్కేవాడు ప్రతి ఒక్కడూ కనిపిస్తాడు. ఎత్తు 15,000 అడుగుల పైన. మన హైదరాబాద్ 1,800 అడుగుల లోపు. అక్కడ గాలిలో ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో సగానికి కాస్త పైన. నా వాటర్ క్యాన్ అంత బరువు ప్రతివాడి ఒంటి మీదా ఉంటుంది, చీకట్లో, నిటారు బండల మీద, దారిలో మందుపాతర్లు.

కంపెనీ అంటే వంద మందికి పైచిలుకు, మూడు ప్లాటూన్లు. కొన్ని కంపెనీలు కలిస్తే బెటాలియన్, కొన్ని బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్. ఆచార్య కంపెనీ కమాండర్. దాడి మొదలవుతూనే ఫిరంగి గుళ్లు సరిగ్గా ముందు ప్లాటూన్ మీద పడ్డాయి. చాలామంది పడిపోయారు. దాడి అక్కడే ఆగిపోవాల్సింది. వాళ్లు పట్టుకోవాల్సిన శత్రు స్థావరం తొందరగా చేతికి రాకపోతే బెటాలియన్‌దే కాదు, మొత్తం బ్రిగేడ్ పథకమే దెబ్బతింటుంది. అప్పుడాయన అట్టేపెట్టిన రిజర్వ్ ప్లాటూన్‌ని తీసుకుని, గుళ్లు పడుతున్న చోటు మీదుగానే, తానే ముందుండి నడిపించారు. నన్నడిగితే ఆ రాత్రి మొత్తంలో అసలు సంగతి ఇదే, తరవాతి గ్రెనేడ్లు కాదు. రిజర్వ్ అంటే చేతిలో మిగిలిన ఆఖరి రూపాయి. ఎప్పుడు తియ్యాలో తెలియడం, తీశాక వెనక కూర్చోకుండా దాంతోపాటు తానూ వెళ్లడం.

తరవాత పాక్కుంటూ బంకర్ దాకా వెళ్లి గ్రెనేడ్లు విసిరారు. తీవ్రంగా గాయపడి కదల్లేకపోయారు. నన్ను వదిలేసి మీరు పైకి వెళ్లండని జవాన్లకి చెప్పి, పడిఉన్న చోటినుంచే కాలుస్తూ ఉన్నారు. స్థావరం చేతికొచ్చింది, ఆ తరవాత ప్రాణం పోయింది. ముప్పైల్లో అప్పుడే అడుగుపెట్టిన మనిషి. అదే పోరులో ఆ బెటాలియన్‌తో ఉన్న కెప్టెన్ కెంగురూసె, 22 ఏళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా పోయారు.

ఇక ఉత్తరం. జూన్ 19న తండ్రికి రాసింది, ఏటా జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ నాడు, వాట్సాప్‌లో ఏడుపు మ్యూజిక్ పెట్టి తిప్పుతుంటారు. మా ఫ్యామిలీ గ్రూపులో ఒకాయన పోయినేడాది వేరే ఆఫీసర్ ఫొటోతో పంపాడు, చెప్తే "భావం ముఖ్యం" అన్నాడు. ఏడిపించే ఉత్తరం కాదండీ అది. చావులు ఈ వృత్తిలో ఉండేవే, మన చేతిలో లేనివి అని ఇంజనీరు సైట్ గురించి చెప్పినంత మామూలుగా రాశారు. భార్య గర్భవతి. ఆమెకి రోజుకో మహాభారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకి మంచి విలువలు అబ్బుతాయని తండ్రిని అడిగారు. పాప ఆయన పోయాకే పుట్టింది.

ప్రశంసాపత్రం ఇంగ్లీషులో ఉంది, నాయక్ గారికి రాదు. మర్నాడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని తెలుగులో చెప్పాను. గ్రెనేడ్ల దగ్గర ఏమీ అనలేదు. రిజర్వ్ ప్లాటూన్ దగ్గర మాత్రం "ఆగండి, మళ్లీ చెప్పండి" అన్నారు. రెండోసారి విని, "జవాన్లు ఆయన్ని వదిలి ముందుకు పోయారంటే, ముందునుంచీ ఆ సాబ్ మాట మీద వాళ్లకి గురి ఉండుండాల" అని, ఎవరిదో కారు హారన్ కొడుతుంటే గేటు తియ్యడానికి లేచారు.

అన్నట్టు, సొసైటీ రిజిస్టర్‌లో ఆయన పేరు ఇప్పటికీ "నాయక్" అనే ఉంది. సెక్రటరీకి రెండుసార్లు చెప్పాను.