జంపింగ్ ఆడగుర్రానికి తగిన స్టాలియన్‌ను ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జర్మనీలోని లోయర్ సాక్సనీలో ఉంటున్న మీ దగ్గర హనోవేరియన్ జాతికి చెందిన పదకొండేళ్ల ఆడగుర్రం ఉంది. అది 1.30 మీటర్ల తరగతి వరకు జంపింగ్ పోటీలలో దూకింది. ధైర్యమూ జాగ్రత్తా ఉన్నాయి, ముందుకాళ్లు చక్కగా మడుస్తుంది, కానీ వెనుక భాగంలో బలం తక్కువ, వీపు కొంచెం పొడవు. ఇంతవరకు ఒక్కసారీ ఈనలేదు. పుట్టబోయే పిల్లను అమ్మకుండా మీరే స్వారీ చేయాలనుకుంటున్నారు, అందుకు ఏ స్టాలియన్, అంటే సంతానం కోసం ఉంచే మగగుర్రం, మంచిదని అడిగారు. నేను ఉత్తర జర్మనీలో గుర్రాల పునరుత్పత్తి చూసే పశువైద్యుడిని. ప్రతి వసంతంలోనూ ఈ ప్రశ్న వింటాను కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

చలికాలంలో స్టాలియన్ కేంద్రాలు పంచే కేటలాగులను ముందుగా పక్కన పెట్టమని నా సలహా. అందులోని ప్రతి గుర్రమూ అందంగానే ఉంటుంది. అసలు లెక్క మీ ఆడగుర్రం దగ్గర మొదలు కావాలి. దాన్ని స్వారీ చేసిన శిక్షకుడిని, లాడాలు కొట్టే వ్యక్తిని, జాతి సంఘం వారి పరిశీలనలో వచ్చిన మార్కులను కలిపి చూసి, పోగొట్టుకోకూడని గుణాలేవో, సరిదిద్దవలసిన లోపం ఏదో ఒక కాగితం మీద రాసుకోండి. లోపం అన్నప్పుడు ఒక్కటే రాయండి, మహా అయితే రెండు. నాలుగు లోపాలను ఒకే ఈతలో సరిచేసే స్టాలియన్ కోసం వెతికేవారు చివరకు పేరున్న గుర్రం దగ్గర ఆగిపోవడమే నేను ఎక్కువగా చూశాను.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. పొడవు వీపున్న ఆడగుర్రానికి మరీ పొట్టి వీపున్న మగగుర్రాన్ని కలిపితే మధ్యస్థంగా ఉండే పిల్ల పుడుతుందని అనుకుంటారు. జన్యువులు అలా సగటు కట్టి పంచుకోవు. నేను వైద్యం చేసే ఒక పొలంలో సరిగ్గా ఇలాంటి జోడీకి పుట్టిన సొంత అక్కచెల్లెళ్లు ఉన్నాయి. పెద్దది అచ్చం తల్లిలా పొడవుగా పెరిగింది, చిన్నది తండ్రిలా ఎంత పొట్టిగా వచ్చిందంటే వీపు బిగుసుకుపోయి దూకేటప్పుడు గుండ్రంగా వంగదు. యజమాని కోరుకున్న మధ్యరకం ఆ రెండింటిలో ఏదీ కాదు. అందువల్ల ఒక కొసకు విరుగుడుగా రెండో కొసను కాకుండా, ఆ విషయంలో సమంగా, సరిగా ఉన్న స్టాలియన్‌ను తీసుకోండి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఉన్న మంచి గుణం పిల్లకు రావడానికి అవకాశం ఎక్కువ కనుక, ధైర్యమూ జాగ్రత్తా రెండు వైపులా ఉండేలా చూసుకోవడం దీనికంటే ముఖ్యం.

స్టాలియన్‌ను చూడటానికి వెళ్లినప్పుడు, అడ్డంకుల మీద స్వేచ్ఛగా దూకించే ప్రదర్శనను చూసి మురిసిపోవద్దు. అక్కడ దూరాలు గుర్రానికి అనుకూలంగా ముందే కొలిచి పెడతారు. నేను అడ్డంకికి ముందు వచ్చే మూడు నాలుగు క్యాంటర్ (మధ్యరకం దౌడు) అడుగులను చూస్తాను. వెనుక కాళ్లు శరీరం కిందికి వచ్చి బరువు మోస్తున్నాయా, భుజం పైకి లేస్తోందా, దిగిన తరువాత గుర్రం తొందరపడకుండా మళ్లీ సర్దుకుంటోందా అన్నవి అక్కడ తెలుస్తాయి. మీ ఆడగుర్రానికి వెనుక బలమే కొరత కాబట్టి మీకు ఈ పరిశీలనే ముఖ్యం.

అయినా స్టాలియన్ కంటే దాని పిల్లలను చూడటమే మేలు. ఒంగోలు పశువులు పెంచే రైతు గిత్తను ఒకసారి చూసి ఊరుకోడు, దానికి పుట్టిన దూడలు ఏ ఊళ్లో ఉన్నాయో కనుక్కుని వెళ్లి చూసి వస్తాడు. ఇక్కడా చేయవలసింది అదే. కేంద్రం వారు ఆ స్టాలియన్ పిల్లలలో మేలైనవాటిని మాత్రమే చూపిస్తారు కాబట్టి, మీ ఆడగుర్రంలాంటి తల్లులకు పుట్టి, మూడు నాలుగేళ్ల వయసులో మామూలు స్వారీదారుల చేతిలో ఉన్న గుర్రాల గురించి వాటి యజమానులనే అడగండి. జీను వేయడానికి, రవాణా బండి ఎక్కడానికి, ఒంటరిగా బయటికి వెళ్లడానికి ఎలా ఉంటాయో వాళ్లు దాచకుండా చెబుతారు. మీరే స్వారీ చేయాలనుకుంటున్నారు కనుక, వృత్తి స్వారీదారు కింద మాత్రమే మెరిసే సంతానం మీకు పనికిరాదు.

స్టాలియన్ తన పిల్లలకు ఎంత మేలు గుణాలు ఇవ్వగలదో అంచనా వేసి జర్మనీలో ప్రచురించే సంతాన విలువలకు సగటు 100, ప్రామాణిక విచలనం 20. అంటే 120 ఉన్న స్టాలియన్ సగటు కంటే ఒక మెట్టు పైన ఉన్నట్టు. ఆ అంకె పక్కన ఉండే విశ్వసనీయత శాతాన్ని తప్పక చూడండి. పోటీల వయసుకు వచ్చిన పిల్లలు తక్కువగా ఉన్న యువ స్టాలియన్‌కు 140 కనిపించినా, అది రెండు మూడేళ్లలో చాలా కిందికి రావచ్చు. ప్రపంచ స్థాయి జాబితాలకు మరో చిక్కు ఉంది. పెద్ద పోటీలు గెలిచే గుర్రానికి సాధారణంగా తొమ్మిదేళ్లు దాటి ఉంటుంది కాబట్టి, ఈ ఏటి జాబితా పదేళ్ల కిందట జరిగిన జోడింపులను చూపిస్తుంది. 1998లో పుట్టిన చాకో బ్లూ అనే స్టాలియన్ 2012లోనే చనిపోయింది. జంపింగ్ తండ్రుల ప్రపంచ జాబితాలో అది మొదటి స్థానానికి చేరింది ఆ తరువాతే.

తల్లి వంశాన్ని తక్కువగా చూడవద్దు. అయితే తల్లి గెలిచిన పతకాలను మరీ ఎక్కువగానూ చూడవద్దు. 1956 ఒలింపిక్స్‌లో గాయపడిన స్వారీదారు హాన్స్ గుంటర్ వింక్లర్‌ను మోసుకుంటూ తప్పులేకుండా దూకి జర్మనీకి స్వర్ణం తెచ్చిన ఆడగుర్రం హల్లా పిల్లలలో ఒక్కటీ దాని స్థాయిని అందుకోలేదు. అది ట్రాటర్ (బండి లాగుతూ పరుగు పందేలలో పాల్గొనే గుర్రం) రక్తంతో పుట్టిన అపురూపమైన గుర్రం, వెనుక అలాంటివి పుట్టించిన వంశం లేదు. ఉత్తర జర్మనీలోని హోల్‌స్టైన్‌లో ఆడవంశాలకు అంకెలు ఇచ్చి తరతరాలుగా లెక్క రాసుకోవడం వెనుక ఈ ఆలోచనే ఉంది. కాబట్టి స్టాలియన్ తల్లిని, ఆ తల్లికి పుట్టిన తోబుట్టువులను కూడా చూడండి.

రక్తం విషయానికి వస్తే, మీ వర్ణనను బట్టి నేనైతే హోల్‌స్టైన్ ప్రాంతపు జాతి అయిన హోల్‌స్టైనర్ వైపు చూస్తాను. 1975లో పుట్టిన కాపిటల్ I వంశం వెనుక బలానికీ దూకే శక్తికీ పేరుపొందింది. 1968లో ఫ్రాన్స్‌లో పుట్టి హోల్‌స్టైన్‌కు వచ్చిన కోర్ డె లా బ్రైయర్ వంశం అడ్డంకి మీద వీపును గుండ్రంగా వంచే తీరుకు పేరుపొందింది. ఈ రెండూ కలిసిన స్టాలియన్లు ఈనాడు చాలానే దొరుకుతాయి. పేరు చివర రెండు ఎక్స్ గుర్తులుండే థొరోబ్రెడ్ (పందెపు గుర్రాల జాతి) తేలికదనమూ వేగమూ ఇస్తుంది, దాని మీద నాకు గౌరవమే. కానీ వెనుక బలం తక్కువైన గుర్రానికి ఈ ఈతలో నేను దాన్ని సూచించను. ఈ వంశాలు అంతటా వ్యాపించాయి కాబట్టి మీ ఆడగుర్రం వంశవృక్షంలోనూ ఇవే పేర్లు నాలుగు తరాల లోపల పదేపదే వస్తున్నాయేమో సరిచూసుకోండి. మీ గుర్రం నమోదైన హనోవేరియన్ సంఘం ఆ స్టాలియన్‌ను గుర్తించిందో లేదో కూడా వెర్డెన్ కార్యాలయంలో ముందే అడగండి, పిల్ల పత్రాలు దాని మీదే ఆధారపడతాయి.

వైద్యుడిగా నేను వదలని పరీక్ష ఒకటి ఉంది. వామ్‌బ్లడ్ ఫ్రజైల్ ఫోల్ సిండ్రోమ్ అనే జన్యులోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చిన పిల్ల చర్మం కాగితంలా చిరుగుతుంది, బతకదు. ఆ లోపపు జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్న వాహక గుర్రం పూర్తి ఆరోగ్యంగా కనిపిస్తుంది. రెండు వాహకాలను కలిపితే ప్రతి ఈతలోనూ 25 శాతం ప్రమాదం ఉంటుంది. మీ ఆడగుర్రం జూలు నుంచి కుదుళ్లతో సహా కొన్ని వెంట్రుకలు పంపి పరీక్ష చేయించండి. అది వాహకం కాకపోతే స్టాలియన్ వాహకమైనా ఈ జబ్బుతో పిల్ల పుట్టదు. స్టాలియన్ కాళ్ల ఎక్స్‌రేల నివేదిక కూడా అడగండి, ముఖ్యంగా కీళ్లలో ఎముక ముక్కలు ఉన్నాయేమో.

చివరగా వీర్యం సంగతి. దీన్ని అందరూ ఆఖరున ఆలోచిస్తారు గాని మీ విషయంలో ఇదే నిర్ణయాన్ని మార్చగలదు. పదకొండేళ్ల వయసులో తొలిసారి చూలుకు వచ్చే ఆడగుర్రంలో గర్భాశయ ముఖం సరిగా తెరుచుకోక, వీర్యం వేసిన తరువాత లోపల ద్రవం నిలిచిపోవడం తరచుగా జరుగుతుంది. సీజన్‌కు ముందే గర్భాశయ స్వాబ్ పరీక్ష, స్కాన్ చేయించండి. ఘనీకృత వీర్యమైతే అండం విడుదలకు ఆరు గంటల అటూఇటూ వేయవలసి ఉంటుంది కాబట్టి రాత్రింబవళ్లు స్కాన్ చేస్తూ ఉండాలి, ఖర్చు పెరుగుతుంది, చూడి కట్టే అవకాశం తాజా వీర్యం కంటే తగ్గుతుంది. తొలి ఏడాదికి తాజాగా, లేదా చల్లబరచి ఒక రోజులో అందే వీర్యం ఇచ్చే స్టాలియన్‌నే తీసుకోమంటాను. కేటలాగులో దానికంటే పెద్ద పేరు కనిపించినా సరే. వీర్యం వేసిన 14 నుంచి 16 రోజులలో స్కాన్ తప్పనిసరి, కవలలుంటే ఒకదాన్ని అప్పుడే తొలగించాలి.

ఇక్కడ చాలా కేంద్రాలు రుసుమును రెండు భాగాలుగా తీసుకుంటాయి. మొదటిది వీర్యం తెప్పించుకున్నప్పుడు, పెద్దది అక్టోబరు 1 నాటికి గుర్రం చూడితో ఉంటేనే. రెండు మూడు ఎదలు వృథా అయితే అదే కేంద్రంలోని మరో స్టాలియన్‌కు మారనిస్తారా, పిల్ల చనిపోయి పుడితే మరుసటి ఏడాదికి రుసుము తగ్గిస్తారా అన్నవి సంతకం చేయకముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.