జోన్ భయంతో పొలం అమ్మాలా? బంగారం పెట్టి కంచె వేయాలా?

ప్రశ్న: పలమనేరు దగ్గర కౌండిన్య అభయారణ్యం పక్కనే మాకు మూడెకరాలుంది. టమాటా, అరటి వేస్తాం. ఏనుగులతో ఏటా నష్టమే. సోలార్ కంచెకు రూ.1.80 లక్షలు అడుగుతున్నారు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టాలనుకుంటున్నాను. ఈలోగా ఓ మధ్యవర్తి వచ్చి, ‘జోన్‌లో పడితే భూమి ఎవరూ కొనరు, ఇప్పుడే వచ్చిన రేటుకు ఇచ్చేయండి’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ మధ్యవర్తి సంగతి. అతను చెప్పే జోన్ అంటే అభయారణ్యం చుట్టూ ప్రకటించే పర్యావరణ సున్నిత జోన్. అందులో పట్టా మారదు, సాగు ఆగదు. ఆగేవి గనులు, క్రషర్లు, కాలుష్య పరిశ్రమల్లాంటివి. రిసార్టులు, వ్యవసాయ భూమిని వాణిజ్య అవసరాలకు మార్చడం మీద ఆంక్షలుంటాయి. అంటే తగ్గేది రియల్ ఎస్టేట్ ఆశ కలిపిన ధర, పంట ధర కాదు. మీ సర్వే నంబరు జోన్‌లో ఉందో లేదో అటవీ రేంజ్ ఆఫీసులో మ్యాపు చూసి తేల్చుకోండి. ముసాయిదా నోటిఫికేషన్ వస్తే అభ్యంతరం చెప్పుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. తొందరంతా కొనేవాడిదే, మీకేం లేదు.

కంచె వేయండి, కానీ ఒంటరిగా వద్దు. మూడెకరాలు చదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 440 మీటర్లు. మీకు చెప్పిన రేటు మీటరుకు సుమారు రూ.410 పడుతోంది. అదే పక్కపక్కన ఉన్న ఐదుగురు కలిసి 15 ఎకరాలకు ఒకే కంచె వేస్తే చుట్టుకొలత 990 మీటర్లు దాటదు. మొత్తం రూ.4 లక్షల పైచిలుకు, తలా రూ.81 వేలు. మీ ఖర్చు సగం కన్నా తక్కువ. పొలాలు వంకరటింకరగా ఉంటే లెక్క కొంత మారుతుంది, టేపు పెట్టి కొలిచాకే కొటేషన్ తీసుకోండి.

కంచె పాడయ్యేది ఎక్కువగా నిర్వహణ లేకే. కలుపు, తీగలు వైరుకు తగిలితే కరెంటు నేలలోకి పోయి షాక్ బలహీనపడుతుంది. అది పసిగట్టిన ఏనుగు చెట్టు కొమ్మనో, స్తంభాన్నో తోసి దారి చేసుకుంటుంది. దంతానికి షాక్ తగలదు, దాంతోనే వైరు తెంపేస్తుంది. అందుకే వంతులవారీగా వారానికోసారి కంచె కింద కలుపు కోయాలి, టెస్టరుతో వోల్టేజి చూడాలి. బ్యాటరీ కొన్నేళ్లకు మార్చక తప్పదు. ఐదుగురూ నెలకు తలా రూ.200 ఉమ్మడి ఖాతాలో వేస్తే ఏడాదికి రూ.12 వేలు పోగవుతుంది. ఎవరు ఎంత కట్టారు, మరమ్మతు ఎవరిది అనేది కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. ఇంటి లైను నుంచి నేరుగా తీగకు కరెంటు మాత్రం ఇవ్వొద్దు. మనుషులే పోతారు. ఏనుగు చనిపోతే కనీసం మూడేళ్ల జైలు.

రూ.81 వేలకు బంగారం పెట్టాల్సినంత అవసరం కనిపించడం లేదు. పంట మీద ఆధారపడి ఏడాదిలో అసలూ వడ్డీ ఒకేసారి కట్టే రుణం తీసుకుంటే, ఆ ఏడాదే ఏనుగులు వస్తే నగలు వేలానికి పోతాయి. బ్యాంకులో మూడు నుంచి ఐదేళ్ల వ్యవసాయ టర్మ్ లోన్ అడగండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద సకాలంలో కడితే పడే 4 శాతం వడ్డీ పంట రుణానికే, కంచె రుణానికి కాదు. ఆ తేడా చూసి సంతకం చేయండి.

పంట నష్టానికి అటవీ శాఖ ఇచ్చే పరిహారం విషయంలో రైతులు నష్టపోయేది ఎక్కువగా ఒక్క చోటే: సిబ్బంది వచ్చేలోపు దున్నేస్తారు. నష్టం అలాగే ఉంచి, అడుగుజాడలతో సహా ఫొటోలు తీసి, అదే రోజు రేంజ్ ఆఫీసుకు చెప్పండి. అడంగల్, 1బి, ఆధార్, పాస్‌బుక్ నకళ్లు సిద్ధంగా ఉంచుకోండి. ఈ-పంటలో (ప్రభుత్వ పంటల నమోదు) పేరు నమోదు తప్పనిసరిగా చేయించండి. కౌలుకిచ్చి ఉంటే కౌలుదారుకు సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు పత్రం) కార్డు ఉండాలి.

అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో అదనపు కవర్‌గా చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. జంతువులు, జిల్లాల జాబితా రాష్ట్రం ఇవ్వాలి. నష్టం జరిగిన 72 గంటల్లో పంటల బీమా యాప్‌లో ఫొటోతో చెప్పాలి. మీ పంట, మీ మండలం జాబితాలో ఉన్నాయో లేదో రైతు సేవా కేంద్రంలో అడిగాకే ప్రీమియం కట్టండి.

అరటి తగ్గించి, అడవి వైపు అంచున మిర్చి లేదా పసుపు వేయండి. ఏనుగులు వాటి జోలికి పెద్దగా పోవు. అయితే ఒక్క ఏడాది అర ఎకరంలోనే వేసి, మార్కెట్ చూసుకున్నాక పెంచండి.