ఫోను లాక్కోవడం కాదు, ముందు ఆధారాలు దాచండి

అక్కా, ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయిని ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో ఫొటోలు పంపమని బెదిరిస్తున్నారని, కోపంతో ఫోను లాక్కున్నానని రాశారు. మాది కూడా మిర్యాలగూడే, మీ భయం నాకు తెలుసు. ముందు పాపను పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు తనది కాదని చెప్పండి. అమ్మ తిడుతుందన్న భయమే వాడి బలం.

సందేశాలు చెరిపేయకండి. ఖాతా పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాకే బ్లాక్ చేయండి. డబ్బు గానీ, ఇంకో ఫొటో గానీ పంపితే వాడు ఆగడు, మళ్లీ అడుగుతాడు.

ఊళ్లో పరువు పోతుందని పోలీసులకు చెప్పడానికి వెనకాడుతున్నారు కదా? పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పాప వాంగ్మూలం మీ ఇంట్లోనే తీసుకోవచ్చు. ఆ సమయంలో అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పాప పేరు, బడి, చిరునామా పత్రికలు బయటపెట్టకూడదు. ఆడపిల్లల భద్రత చూసే పోలీసు బృందం, జిల్లా షీ టీంను కలవండి, నేను తోడు వస్తాను. 1098 పిల్లల సహాయవాణి రాత్రీ పగలూ పలుకుతుంది.

ఫొటో ఇప్పటికే వెళ్లి ఉంటే, అది ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల వ్యాపించకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత ఆన్‌లైన్ సేవ ఉంది. అందులో ఫొటో మీ ఫోను దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఈ రాత్రికి పాపను ఒంటరిగా పడుకోనివ్వకండి.