టెక్సస్ రియల్ ఎస్టేట్ లైసెన్స్: గుంటూరు లెక్కలు తప్పే చోట్లు

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నాకు హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వీసాదారు జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) ఉంది. ఈమధ్యే రియల్ ఎస్టేట్ లైసెన్స్ కోర్సులో చేరాను. ఫైనాన్స్ ఫరవాలేదు కానీ ఆస్తి హక్కులు, అప్రైజల్ (ఆస్తికి విలువ కట్టడం) పాఠాలు ఎంత చదివినా తికమకగానే ఉన్నాయి. మా నాన్నగారు గుంటూరులో స్థలాలు కొని అమ్మేవారు, ఆ మాటలు వింటూ పెరిగినదాన్నే. అయినా ప్రాక్టీస్ పరీక్షల్లో మార్కులు రావడం లేదు. ఎలా చదవమంటారు? ఇంకో సందేహం, మా వారు హెచ్-1బీలో (స్పాన్సర్ చేసిన కంపెనీకే పనిచేసే వీసా) ఉన్నారు. వారాంతాల్లో నాకు సాయం చేయవచ్చా?

జవాబు: ఆ మాటలు వింటూ పెరగడమే ఇక్కడ మీకు అడ్డం పడుతోందేమో చూడండి. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ఇస్తారు కదా, వాటిలో గుంటూరులో అయితే సరిపోయే జవాబు ఒకటి తరచూ ఉంటుంది. మన చేయి ముందు దానిమీదికే వెళ్తుంది. కాబట్టి పుస్తకం మొదటినుంచి బట్టీ పట్టే బదులు, మన ఊరి లెక్కకూ ఇక్కడి లెక్కకూ తేడా వచ్చే చోట్లు ఏరుకుని చదవండి. అవి అనుకున్నంత ఎక్కువేమీ ఉండవు.

మొదటిది రిజిస్ట్రేషన్. మన దగ్గర రిజిస్టర్ కాని సేల్ డీడ్‌కు విలువ లేదు. కొనేవారు, అమ్మేవారు ఇద్దరూ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఫోటోలు, వేలిముద్రలు ఇస్తేనే పని పూర్తయినట్టు. టెక్సస్‌లో అమ్మేవారు సంతకం చేసిన డీడ్ కొనేవారి చేతికి అంది, వారు దాన్ని స్వీకరించిన క్షణానే హక్కు మారిపోతుంది. కొనేవారు డీడ్ మీద సంతకం చేయనక్కర్లేదు. కౌంటీ క్లర్కు దగ్గర రికార్డు చేయించేది లోకానికి తెలియజేయడానికి, అంటే రేపు ఇంకొకరు వచ్చి ‘ఇది నాకు అమ్మారు’ అనకుండా. ‘రికార్డు చేయని డీడ్ చెల్లుతుందా?’ అని అడిగితే, ఆ ఇద్దరి మధ్య చెల్లుతుంది. ఈ ఒక్క విషయాన్ని అయిదారు రకాలుగా తిప్పి అడుగుతారు.

అలాగే ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించే పని ఇక్కడ టైటిల్ కంపెనీ (ఆస్తి హక్కుకు బీమా ఇచ్చే సంస్థ) చేస్తుంది. రికార్డులు వెతికి టైటిల్ కమిట్‌మెంట్ అనే కాగితాల కట్ట పంపుతుంది. అందులో షెడ్యూల్ బీ అంటే బీమా వర్తించని విషయాలు, షెడ్యూల్ సీ అంటే క్లోజింగ్ (అమ్మకం పూర్తయ్యే రోజు) లోపు తేల్చాల్సిన పాత అప్పులు, చిక్కులు. కొనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని తెరవరు. ఏజెంటుగా మీరు తెరిచి, ‘ఇది చదివారా?’ అని అడగండి. అర్థం చెప్పడం మాత్రం లాయరు పని, ఆ గీత దాటకండి.

భార్యాభర్తల హక్కుల దగ్గర మనవాళ్లు బాగా తడబడతారు. టెక్సస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనాలతో కలిపి ఇలాంటివి తొమ్మిది ఉన్నాయి. పెళ్లయ్యాక సంపాదించినది ఎవరి పేరున ఉన్నా ఇద్దరిదీ అని చట్టం ముందే అనుకుంటుంది, కాదన్నవారే రుజువు చేసుకోవాలి. పెళ్లికి ముందు ఉన్నది, వారసత్వంగా వచ్చినది, బహుమతిగా వచ్చినది మాత్రం ఎవరిది వారిదే. లోను భర్త పేరున, డీడ్ భర్త పేరున ఉన్నా, ఆ ఇల్లు వాళ్లు ఉంటున్న హోమ్‌స్టెడ్ అయితే అమ్మేటప్పుడు భార్య సంతకం కూడా కావాలి. ‘పేరు నాది కదా, ఆవిడ ఇండియాలో ఉంది, నేనొక్కడినే పెడతాను’ అనే క్లయింటు మీకు తప్పకుండా తగులుతాడు. ఆవిడ దగ్గరనుంచి పవర్ ఆఫ్ అటార్నీ తెప్పించాలంటే రోజులు పడుతుంది, అందుకని ఈ మాట లిస్టింగ్ రోజునే, అంటే ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడే, ఎత్తండి.

ఇద్దరు స్నేహితులు కలిసి ఇల్లు కొని డీడ్‌లో ఇద్దరి పేర్లూ రాయించుకుంటే, ఒకరు పోయాక ఆ వాటా రెండోవారికి రాదు, పోయినవారి వారసులకు వెళ్తుంది. దాన్నే టెనెన్సీ ఇన్ కామన్ అంటారు. మిగిలినవారికే దక్కాలంటే ఆ మాట రాతపూర్వకంగా ఉండాలి.

భూమి కింద ఏముందన్నది వేరే హక్కు. టెక్సస్‌లో ఖనిజ హక్కును నేల నుంచి విడదీసి అమ్మేయవచ్చు. ఇక్కడి సబ్‌డివిజన్లలో చాలా ఇళ్లకు అది ఎప్పుడో పాత యజమానుల దగ్గరే ఉండిపోయింది. పైగా చట్టం దృష్టిలో కింది హక్కుదే పైచేయి, ఖనిజం తీయడానికి అవసరమైన మేరకు పై నేలను వాడుకోవచ్చు. ఫోర్ట్‌వర్త్ చుట్టూ ఇళ్ల మధ్యలో గ్యాస్ బావులు కనిపించేది అందుకే. ఈజ్‌మెంట్ మీకు కష్టం కాదు, మన పొలాల దారి హక్కు లాంటిదే. జోనింగ్ అనేది నగరం పెట్టే నిబంధన, డీడ్ రిస్ట్రిక్షన్ లేఅవుట్ వేసినవారు పెట్టిన షరతు. హ్యూస్టన్‌లో జోనింగే లేదు, అక్కడ బండి నడిచేది ఎక్కువగా ఈ షరతుల మీదే.

ఇక అప్రైజల్. నన్నడిగితే తేలిగ్గా మార్కులు వచ్చే భాగం ఇదే. ధర, ఖర్చు, విలువ మూడూ వేర్వేరని మనసులో పడితే సగం అయిపోయినట్టే. మన దగ్గర కూడా గవర్నమెంటు వాల్యూ ఒకటి, బయటి రేటు ఒకటి ఉంటాయి కదా. ఇక్కడ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ పన్ను కోసం వేసే విలువ ఒకటి, బ్యాంకు కోసం లైసెన్స్ ఉన్న అప్రైజర్ వేసే విలువ ఇంకొకటి. మీరు తయారుచేసే మార్కెట్ పోలికను అప్రైజల్ అని పిలవడానికి వీల్లేదు. పైగా టెక్సస్‌లో అమ్మకం ధరను ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు. అందుకే నిజమైన ధరలు ఏజెంట్లు పంచుకునే ఎంఎల్‌ఎస్ అనే జాబితాలోనే దొరుకుతాయి, బయటి వెబ్‌సైట్ల అంచనాలు ఇక్కడ ఎక్కువగా గురి తప్పుతాయి.

విలువ కట్టే పద్ధతులు మూడు. అమ్ముడైన ఇళ్లతో పోల్చడం, మళ్లీ కడితే ఎంతవుతుందో లెక్కేయడం, అద్దె రాబడి నుంచి లెక్కేయడం. పోలిక పద్ధతిలో అందరూ తప్పేది ఒకే చోట. సవరణ ఎప్పుడూ అమ్ముడైన ఇంటి ధర మీదే చేయాలి, మనం విలువ కడుతున్న ఇంటిమీద చేయకూడదు. పక్కవీధి ఇల్లు 6,00,000 డాలర్లకు పోయింది. దానికి స్విమ్మింగ్ పూల్ ఉంది, మన ఇంటికి లేదు. పూల్ వల్ల మార్కెట్లో 25,000 ఎక్కువ పలుకుతుందనుకుంటే ఆ ఇంటి ధరలోంచి తీసేయాలి, 5,75,000 వస్తుంది. వాళ్లకు లేనిది మనకుంటే వాళ్ల ధరకు కలపాలి. ఆ పూల్ తవ్వించడానికి యజమాని 80,000 పెట్టి ఉండవచ్చు. దాంతో పనిలేదు. మార్కెట్ ఎంత కలిపి ఇస్తుందన్నదే లెక్క, దీన్ని కాంట్రిబ్యూషన్ సూత్రం అంటారు. ‘కిచెన్‌కు యాభైవేలు పెట్టాం, ఆ యాభైవేలూ కలపండి’ అని అడిగే అమ్మకందారుకు మీరు ఓపిగ్గా చెప్పాల్సిన మాట కూడా ఇదే.

అద్దె లెక్కకు ఒక ఉదాహరణ. నెలకు 3,000 అద్దె, ఏడాదికి 36,000. ఖాళీగా ఉండే కాలం, ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, రిపేర్లు కలిపి 14,000 పోతే నికర రాబడి 22,000. ఇంటి ధర 4,40,000 అయితే క్యాప్ రేట్ (ధరలో నికర రాబడి ఎంత శాతమో) 5 శాతం. అదే రాబడికి కొనేవారు 5.5 శాతం కావాలంటే విలువ 4,00,000కు దిగుతుంది. రేటు పెరిగితే విలువ తగ్గుతుందని గుర్తుంచుకోండి. ఇంటి లోను కంతును ఆ ఖర్చుల్లో కలపకండి, అది రాబడికి సంబంధించింది కాదు. మనవాళ్లు ఈఎంఐ తీసేశాకే లాభం అంటారు కాబట్టి ఇక్కడ చేయి జారుతుంది. ఖర్చు పద్ధతిలో అయితే భూమికి తరుగు ఉండదు, కట్టడానికే ఉంటుంది. ఎకరా 43,560 చదరపు అడుగులు, మన దగ్గరా ఇంతే, కాబట్టి ఇది మీకు ఊరకే వచ్చే మార్కు.

పన్ను గురించి సిలబస్‌లో కొంచెమే ఉంటుంది, కానీ పనిలో దిగాక దానిమీదే ఎక్కువ టెన్షన్ పడతారు. సొంతంగా ఉంటున్న ఇంటికి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదని టెక్సస్‌లో పరిమితి ఉంది. ఇల్లు చేతులు మారాక ఆ పరిమితి పోయి విలువ కొత్తగా మొదలవుతుంది. అంటే పదేళ్లుగా ఉంటున్న అమ్మకందారు కట్టిన బిల్లు చూసి కొనేవారు బడ్జెట్ వేసుకుంటే దెబ్బతింటారు. కొత్త కట్టడాలలో ఇంకా ఘోరం. జనవరి 1 నాటికి ఖాళీ స్థలమే ఉంటే ఆ ఏడాది పన్ను స్థలం మీదే వేస్తారు. తర్వాతి ఏడాది ఇంటితో కలిపి బిల్లు వచ్చి, ఎస్క్రో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం కంతుతోపాటు వసూలు చేసి పక్కన పెట్టే డబ్బు) చాలక నెలవారీ కంతు వందల డాలర్లు పెరుగుతుంది. ప్రాస్పర్, సెలైనా వైపు మడ్ (నీళ్లు, మురుగు సదుపాయాల కోసం), పిడ్ (రోడ్లు, పార్కుల లాంటివాటి కోసం) అనే అదనపు వసూళ్లు ఉన్న లేఅవుట్లు కూడా ఉన్నాయి. వాటి నోటీసు కొనేవారికి ముందే ఇవ్వాలి.

బయానా దగ్గర కూడా ఒక తేడా ఉంది. పాత ఇళ్లకు వాడే ప్రామాణిక కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ ఉంటుంది, కొంచెం రుసుము కట్టి ఆ రోజుల్లోపు ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోవచ్చు. చివరి రోజు సాయంత్రం 5 గంటలే గడువు. బిల్డర్లు మాత్రం సొంత కాంట్రాక్టులు వాడతారు, వాటిలో ఈ వెసులుబాటు చాలాసార్లు ఉండదు. మనవాళ్లు కొనేవి ఎక్కువగా కొత్త ఇళ్లే కాబట్టి ఇది మరీ ముఖ్యం.

పరీక్ష ఒకసారి అడిగినా మీ క్లయింట్లు రోజూ అడిగేది ఫెయిర్ హౌసింగ్ (ఇళ్ల విషయంలో వివక్ష కూడదన్న నియమం) గురించే. ‘మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలనీ చూపించండి’ అని అడుగుతారు. 1968 నాటి చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం లాంటివాటిని బట్టి క్లయింట్లను ఒక ఏరియాకు నడిపించడం చట్టవిరుద్ధం, వాళ్లు అడిగారన్నది సాకు కాదు. తూర్పు ముఖం ఇల్లు కావాలంటే నిశ్చింతగా వెతికి పెట్టండి. వాట్సాప్‌లో ‘ఇండియన్ ఫ్యామిలీకే అద్దెకు’ అని ఓనరు రాయమన్నా మీరు పోస్టు చేయకండి.

ఇక మీ వారి విషయం. ఈఏడీ ఉన్నంతవరకూ మీరు స్పాన్సరింగ్ బ్రోకర్ (మీ పనికి బాధ్యత తీసుకునే లైసెన్స్ ఉన్న బ్రోకర్) కింద ఏజెంటుగా పనిచేయవచ్చు. ఈఏడీ గడువు తీరితే పని కూడా అక్కడితో ఆపాలి. ఆయన కోర్సు చదవచ్చు, పరీక్ష రాయవచ్చు, కానీ హెచ్-1బీ మీద కమిషన్ సంపాదించకూడదు. స్నేహితులను మీ దగ్గరికి పంపినందుకు ఆయనకు రెఫరల్ డబ్బు ఇవ్వడం రెండు రకాలుగా తప్పు. వీసా ఒకటి, లైసెన్స్ లేనివారికి కమిషన్ పంచకూడదన్న టెక్సస్ నియమం ఇంకొకటి. కొనేవారికే రిబేటు ఇవ్వడం వేరు, మీ బ్రోకర్ ఒప్పుకుంటే అది చెల్లుతుంది. ఓపెన్ హౌస్ (కొనాలనుకునేవారు వచ్చి ఇల్లు చూసుకునే) రోజు బోర్డులు కారులో పెట్టి దింపడం లాంటివాటితో ఇబ్బంది ఉండకపోవచ్చు. వచ్చినవారికి ఇల్లు తిప్పి చూపించడం, ధర మాట్లాడటం మాత్రం లైసెన్స్ ఉన్నవారి పని, ఆయన్ని అందులోకి దించకండి. అంతకుమించి ఏం చేయించాలన్నా ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. ఒక్క గంట ఫీజుతో తేలిపోతుంది.