డీమన్‌తో పోరు, డెవిల్‌తో బేరం

టేబుల్ ఆటల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్ళు పాత్రలుగా పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో డీమన్లు, డెవిల్స్ అనే రెండు దుష్ట జాతుల గురించే. కింద ఇచ్చిన అంకెలు ఐదో ఎడిషన్ 2014 నిబంధనలవి. వాటి మూల నిబంధనల పీడీఎఫ్‌ను 2023 జనవరిలో ఎవరైనా ఉచితంగా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలారు కాబట్టి, పుస్తకాలు కొనకుండానే ఇక్కడ చెప్పిన జీవులన్నిటితో ఆడుకోవచ్చు. 2024 సవరణలతో ఆడేవాళ్ళు అంకెలు ఒకసారి సరిచూసుకోండి. మామూలు ఆయుధాల దెబ్బ సగమైపోయే నిబంధన అందులో చాలామటుకు పోయింది.

ప్రశ్న: నేను డీఎంగా (ఆట నడిపేవాడిగా) కొత్త. డీమన్ని దింపినా డెవిల్‌ని దింపినా నా టేబుల్ మీద ఒకేలా ఉంటోంది. కొమ్ములు, మంట, అరుపులు. తేడా ఎలా చూపించాలి? (తార్నాక)

కొమ్ముల సంగతి వదిలేయండి. అది ఏం కోరుకుంటుందో ముందు తేల్చుకోండి. డీమన్లది అబిస్. అక్కడ చట్టం లేదు, బలమున్నవాడిదే రాజ్యం. డెవిల్స్‌వి నైన్ హెల్స్. తొమ్మిది అంతస్తుల నరకం, పై నుంచి కింది దాకా హోదాలు, అన్నిటికీ అడుగున అస్మోడియస్. ఈ రెండు జాతుల మధ్య ఎడతెగని యుద్ధానికి బ్లడ్ వార్ అని పేరు. డీమన్ పగలగొట్టడానికి వస్తుంది, డెవిల్ సొంతం చేసుకోవడానికి వస్తుంది.

ఇది వర్ణనలో చెప్పేకన్నా పోరులో చూపిస్తేనే ప్లేయర్లకు ఎక్కుతుంది. డ్రెచ్‌లు అనే చిన్న డీమన్లు గుంపుగా మీద పడతాయి, దగ్గర ఉన్నవాణ్ణే కొడతాయి, పారిపోవు. కిందపడ్డ క్యారెక్టర్ కోసం వాటిలో అవే కొట్టుకుంటే ఇంకా బాగుంటుంది. డెవిల్స్ వరస తప్పవు. బియర్డెడ్ డెవిల్ ముందు నిలబడి దారి అడ్డుకుంటుంటే, ఇంప్ అనే చిన్న డెవిల్ మాయమై పై అధికారికి కబురు మోసుకుపోతుంది. ఓడిపోతున్నామని తెలిస్తే డెవిల్ ఆయుధం దించి మాట కలుపుతుంది. డీమన్ నోట అలాంటి మాట ఎప్పుడూ రానివ్వకండి.

ఇంకొకటి. రెండింటిలో దేన్ని ఇక్కడ చంపినా అది తన లోకంలో మళ్ళీ రూపం కడుతుంది. పూర్తిగా చావాలంటే అక్కడికే వెళ్ళి చంపాలి. కాబట్టి ప్లేయర్ల క్యారెక్టర్లు మొదటి లెవెల్లో ఉండగా చచ్చిన ఇంప్, వాళ్ళు పదో లెవెల్‌కి వచ్చాక పార్టీలో, అంటే వాళ్ళ జట్టులో, అందరి పేర్లూ గుర్తుపెట్టుకుని తిరిగి రావచ్చు. ఊరూ పేరూ లేని కొత్త విలన్ని తయారుచేసే కష్టం మీకు తప్పుతుంది.

ఆబిడ్స్‌లో ఆదివారం పూట పాత పుస్తకాలు వెతికేవాళ్ళకు ఒక సూచన: రెండో ఎడిషన్ పుస్తకం దొరికితే అందులో డీమన్, డెవిల్ అనే మాటలు కనబడకపోవచ్చు. అప్పట్లో అమెరికాలో తల్లిదండ్రుల నుంచీ మత సంస్థల నుంచీ వచ్చిన గొడవకు ఆ పేర్లు తీసేసి టనారీ, బాటెజు అని పెట్టారు. జీవులు అవే.

ప్రశ్న: మాది నలుగురి పార్టీ, అందరిదీ మూడో లెవెల్. రెండు బియర్డెడ్ డెవిల్స్‌ని దింపిన. మూడు రౌండ్లల్ల ముగ్గురు పడిపోయిన్రు. ఒక్కోటి ఛాలెంజ్ రేటింగ్ (ఎంత గట్టిదో చెప్పే అంకె) 3 అనే కద పెట్టిన, ఏడ తప్పింది? (కూకట్‌పల్లి)

లెక్క దగ్గరే తప్పింది. ఒక్క బియర్డెడ్ డెవిల్ 700 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు). రెండు కలిస్తే 1400, రెండున్నాయి కాబట్టి ఒకటిన్నరతో హెచ్చవేస్తే 2100. నలుగురు మూడో లెవెల్ వాళ్ళకు 1600 దాటితేనే 'ప్రాణాంతకం'. పైగా ఆ లెక్కలోకి రానివి ఇంకో రెండున్నాయి.

మొదటిది ఆయుధాలు. వెండి పూత గానీ మంత్రశక్తి గానీ లేని కత్తి దెబ్బ దానికి సగమే తగులుతుంది. అంటే దాని 52 హిట్ పాయింట్లు (ప్రాణబలం) మీ ఫైటర్‌కి 104 కింద లెక్క. మంట, విషం అసలు పనిచేయవు. చలి దెబ్బ సగమే. స్పెల్స్ (మంత్రాలు) తప్పించుకోవడానికి వేసే సేవింగ్ త్రోలకు దానికి అడ్వాంటేజ్ ఉంది, అంటే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకుంటుంది. మీ విజార్డ్ నిప్పు మంత్రాలే నేర్చుకుని ఉంటే ఆ రాత్రంతా ఖాళీగా కూర్చున్నట్టే.

రెండోది దాని గ్లేవ్ (పొడుగు కర్రకు బిగించిన కత్తి) చేసే గాయం. పది అడుగుల దూరం నుంచే తగులుతుంది. డీసీ 12 (పాచిక, బోనస్ కలిపి 12 రావాలి) కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) సేవ్ తప్పితే, గాయపడ్డవాడి ప్రతి టర్న్ మొదట్లో 1డీ10 (పది ముఖాల పాచిక ఒకటి వేసినంత) రక్తం పోతూనే ఉంటుంది. అదే మనిషికి గ్లేవ్ మళ్ళీ తగిలిన ప్రతిసారీ ఇంకో 1డీ10 కలుస్తుంది. రెండు దెబ్బలకే టర్న్‌కి సగటున 11. మూడో లెవెల్ ఫైటర్ దగ్గర 28 చుట్టుపక్కల హిట్ పాయింట్లు ఉంటాయి, ఎన్ని టర్న్‌లు నిలబడతాడో మీరే చూసుకోండి.

దీన్ని ఆపడం తేలికే. ఎవరైనా ఒక యాక్షన్ వాడి డీసీ 12 మెడిసిన్ చెక్ గెలిస్తే రక్తం ఆగుతుంది. మంత్రంతో చేసే వైద్యం ఒక్క పాయింట్ అందినా గాయం మూసుకుంటుంది. ప్లేయర్లకు ఇది తెలియదు, మీరు చెప్పి ఉండరు. చాలా టేబుళ్ళ మీద ఈ డెవిల్ చేతిలో చచ్చేది అందుకే. మొదటిసారి రక్తం పోయినప్పుడే 'గాయం దానంతటది ఆగేలా లేదు, ఎవరో ఒకరు గట్టిగా అదిమిపట్టాలి' అని పైకి అనండి. అది సాయం చేయడం కాదు, క్యారెక్టర్ కళ్ళకు కనబడేదే చెబుతున్నారు.

ఈసారి ఒక బియర్డెడ్ డెవిల్, ఒక ఇంప్ పెట్టండి. 900 ఇంటూ ఒకటిన్నర, 1350. కష్టంగా ఉంటుంది కానీ గెలవొచ్చు. దానికి ఒక సెషన్ ముందే ఊళ్ళో వెండి పూత పూసే కంసాలి కనబడాలి. ఒక ఆయుధానికి, లేదా పది బాణాలకు, వంద బంగారు నాణేలు. అంత లేకపోతే గుడిలో పవిత్ర జలం సీసా పాతిక నాణేలు, తగిలితే 2డీ6 రేడియెంట్ (దివ్యకాంతి) దెబ్బ.

డీమన్లే కావాలంటే ఎనిమిది డ్రెచ్‌లు పెట్టొచ్చు, లెక్కలో 1000 వస్తుంది. కానీ వాటి కంపు మేఘాలన్నీ ఒకే రౌండ్‌లో వదలకండి. అందులో చిక్కి సేవ్ తప్పినవాడికి రియాక్షన్ (ఇతరుల టర్న్‌లో చేసే ఎదురుచర్య) ఉండదు, యాక్షన్ గానీ బోనస్ యాక్షన్ గానీ ఒకటే మిగులుతుంది. ఎనిమిదీ ఒకేసారి వదిలితే ఆట కదలదు. రౌండ్‌కి ఒకటి చాలు.

ప్రశ్న: డెవిల్‌తో ఒప్పందం రాయించాలని ఉంది. పోయినసారి చేస్తే ప్లేయర్ 'నన్ను మోసం చేశావ్' అని అలిగాడు. ఎలా రాయాలి? (మెహదీపట్నం)

వామనుడి కథ తీసుకోండి. అడిగింది మూడడుగులు. ఎవరి అడుగు, ఎంత అడుగు అన్నది మాటలో లేదు. శుక్రాచార్యుడు ముందే హెచ్చరించాడు, బలి విని కూడా ధార పోశాడు. బలికి తగువు పెట్టుకునే సందు లేదు, ఎందుకంటే మెలిక ఎదురుగానే ఉంది. మీ ప్లేయర్ అలిగాడంటే కాగితంలో లేని షరతు మీరు తరువాత బయటికి తీశారన్నమాట. డెవిల్ నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, సిరాతో మాత్రం ఆడకూడదు. ఈ ఒక్కటి పాటిస్తే అలకలు చాలావరకు ఉండవు.

ఒప్పందం ఒక పేజీ దాటకూడదు, షరతులు మూడుకు మించకూడదు. నిజంగానే ప్రింట్ తీసి సెషన్ చివర్లో చేతికివ్వండి, సంతకం వచ్చే వారం. ఇంటికి తీసుకెళ్ళి చదువుకున్నవాడు మోసపోయాననడు, ఓడిపోయానంటాడు. ప్రతి షరతులోనూ రెండు సందులు పెట్టండి, డెవిల్‌కి ఒకటి, ప్లేయర్‌కి ఒకటి. ఉదాహరణకు ఇలా:

'నీ తమ్ముడు ఇల్లు చేరేవరకు ఏ ఆయుధమూ అతన్ని తాకదు. బదులుగా, రాబోయే మూడు అమావాస్యల్లో ఒక్కోదాన నేనడిగే ఒక ప్రశ్నకు నీకు తెలిసిన నిజం చెప్పాలి.'

డెవిల్ సందు: నిప్పు, విషం, నూతిలోకి తోయడం ఆయుధాలు కావు. గడప దాటాక రక్షణ లేదు. ప్లేయర్ సందు: తమ్ముడు ఇంటికి వెళ్ళకుండా సత్రంలోనే ఉండిపోతే రక్షణ అయిపోదు. 'నీకు తెలిసిన నిజం' అన్నారు కాబట్టి పార్టీ పథకం వేసేటప్పుడు సంతకం పెట్టినవాణ్ణి గది బయటికి పంపేస్తే చెప్పడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు. మిగతా ముగ్గురూ తలుపు వేసుకుని గుసగుసలాడుతుంటే బాల్కనీలో ఒక్కడే టీ తాగుతూ నిలబడ్డ ప్లేయర్‌కి ఒప్పందం బరువెంతో ఎవరూ చెప్పక్కర్లేదు.

ధర కింద ఆత్మను అడగకండి. చచ్చాక పోయేదాని గురించి ఏ ప్లేయరూ బెంగపడడు, క్యారెక్టర్ పోతే కొత్త షీట్ రాసుకుంటాడు. మూడు నాలుగు సెషన్లలోపే చెల్లించాల్సింది అడగండి. ఒక పేరు, ఒక రహస్యం, గురువు ఇచ్చిన కత్తి, ఒక రోజు మౌనం.

బేరం మధ్యలో పర్సుయేషన్ (ఒప్పించే) రోల్ అడిగితే కాగితంలోని అక్షరం మార్చకండి. ఇన్‌సైట్ (ఎదుటివాడి మనసు పసిగట్టే) చెక్ డీసీ 15 దాటితే 'రెండో షరతు దగ్గర దాని తోక కదలడం ఆగింది' అని చెప్పండి, ఆ షరతే దానికి ముఖ్యమని వాళ్ళే పట్టుకుంటారు. ఫోన్లో ఇరవై నిమిషాల టైమర్ పెట్టండి. లేకపోతే సెషన్ మొత్తం కోర్టు వాయిదాలా నడుస్తుంది. ఒకడి సంతకం అందరికీ వర్తించేలా మాత్రం ఎప్పుడూ రాయకండి. అది టేబుల్ మీద నిజమైన గొడవ అవుతుంది.

ప్రశ్న: మేం మా ఇంట్లోనే ఆడతాం. 'ఇంట్లో దయ్యాల్ని పిలవడమేంట్రా' అని అమ్మమ్మ కోప్పడుతోంది. గ్రూపులో ఒక ముస్లిం ఫ్రెండ్, ఒక క్రిస్టియన్ ఫ్రెండ్ కూడా ఉన్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (మల్కాజ్‌గిరి)

మొదటి సెషన్‌కి ముందు అరగంట కూర్చుని రెండు జాబితాలు రాసుకోండి: ఆటలో అసలు రాకూడనివి, వచ్చినా తెర వెనక జరిగిపోవాల్సినవి. పూనకం గురించి తప్పకుండా అడగండి. తన క్యారెక్టర్‌ని ఇంకెవరో ఆడించడం కొందరికి నచ్చదు, ఇంకొందరికి అది ఇంట్లో చూసిన విషయం. పిల్లల్ని బలివ్వడం లాంటివి తెర వెనకే ఉంచండి.

పేర్లు సొంతంగా కల్పించుకోవడమే మేలు. అస్మోడియస్ రూల్‌బుక్‌లో పుట్టిన పేరు కాదు, కాథలిక్ బైబిల్లోని తోబీతు గ్రంథంలో ఉంది. ఎవరి దేవుణ్ణీ, ఎవరి మంత్రాన్నీ ఆటలోకి తేకండి. మ్యాజిక్ సర్కిల్ (డెవిల్స్ లాంటివాటిని ఆపే మంత్రవలయం) గీయాలంటే నిబంధన ప్రకారం వంద నాణేల పవిత్ర జలమో, వెండి ఇనుము పొడో కావాలి. చుట్టూ పదడుగులు, గంటసేపు ఉంటుంది. దాన్ని గ్రిడ్ షీట్ మీద స్కెచ్ పెన్‌తో గీయండి. నేల మీద ముగ్గుతో గీసి, నిమ్మకాయలూ కుంకుమా పెట్టి 'ఎఫెక్ట్' ఇద్దామనుకుంటే అమ్మమ్మగారి వైపే మేమూ ఉంటాం. పూజగదిలో ఉండే వస్తువేదీ టేబుల్ మీదికి రాకూడదు.

ఆవిడతో వాదన పెట్టుకోకండి. ఒక్కరోజు పక్కన కూర్చోమనండి. సగం సేపు కూడికలూ తీసివేతలేనని ఆవిడకే తెలుస్తుంది.

ప్రశ్న: రూల్‌బుక్‌లో రాక్షసుడికి పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు ఉన్నాయి. మన రాక్షసుల్లా ఆడించొచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

ఆడించొచ్చు, తల మార్చేయండి. ఏసీ (దెబ్బ తగలాలంటే రావాల్సిన అంకె) 16, హిట్ పాయింట్లు 110, రేటింగ్ 13. కొట్లాటకన్నా మారీచుడి పని దానికి బాగా నప్పుతుంది. ఎన్నిసార్లైనా వేషం మార్చగలదు, మనసులో మాట చదవగలదు, రోజుకు మూడుసార్లు మేజర్ ఇమేజ్ అనే భ్రమ మంత్రంతో బంగారు లేడిని సృష్టించగలదు. ఐదో లెవెల్ పార్టీకి కూడా దివాణంలో దివానుగా పరిచయం చేయొచ్చు, కత్తి దూయకుండా ఉన్నంతవరకు.

చిక్కల్లా విజార్డ్‌తో. ఆరో స్థాయి, అంతకు తక్కువ స్పెల్స్ అది ఒప్పుకుంటే తప్ప దానికి తగలవు. ఏడో స్థాయి స్పెల్ రావాలంటే విజార్డ్ పదమూడో లెవెల్లో ఉండాలి. అందుకని ఫైటర్‌కి హేస్ట్ (వేగం పెంచే మంత్రం) వేయడం, బందీలను తప్పించడం లాంటి పని విజార్డ్‌కి ముందే ఆలోచించి పెట్టండి. మంచి స్వభావం ఉన్నవాడు మంత్రబాణంతో కొడితే దెబ్బ రెట్టింపు. ఆ రహస్యం ఊళ్ళో ఏ ముసలాయన నోటో చెప్పించండి. స్వభావం 'చెడు' అని రాసి ఉన్నా విభీషణుడి లాంటివాడు ఒకడుంటే మన ప్లేయర్లు ఇట్టే గుర్తుపడతారు.

ప్రశ్న: బాలోర్ (పెద్ద డీమన్) బొమ్మ చాలా ఖరీదు. ప్రత్యామ్నాయం? (ఎల్.బి.నగర్)

అది మూడు గళ్ళు ఇంటూ మూడు గళ్ళ జీవి. అంగుళం గ్రిడ్ మీద మూడంగుళాల స్టీలు గిన్నె బోర్లించండి. మిగతావాళ్ళకు రూపాయి బిళ్ళలు సరిపోతాయి. క్యారమ్ బిళ్ళలు గడి దాటిపోతాయి. చచ్చేటప్పుడు బాలోర్ 30 అడుగుల మేర పేలుతుంది, కాబట్టి ఆరంగుళాల దారం ముక్క దగ్గర పెట్టుకుని గిన్నె అంచు నుంచి కొలవండి. డీసీ 20 డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవ్, తప్పితే 20డీ6 మంట, గెలిస్తే సగం. ఇంట్లో లూడో పాచికలన్నీ కలిపినా ఇరవై రాకపోతే సగటు 70 అనేసుకోండి.